సగంలో ఆగిన బొమ్మ, కూలనున్న తెల్లగోడ

గోదావరిఖని,
1975 ఏప్రిల్.

సినిమా హాళ్ల తనిఖీ అధికారి గారి సముఖమునకు, బొగ్గుగనిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టు పనివాడు తీతు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: పూర్ణిమ టాకీసు కూల్చివేత – మిగిలియున్న తెరగోడను కూల్చకుండా ఆపించుట – సగంలో ఆగిన బొమ్మ మిగతా సగమును అదే గోడమీద వేయించుట గురించి.

1. పై విషయమై మనవి చేసుకొనునది ఏమనగా, మా వాడలోని పూర్ణిమ టాకీసును దాని యజమాని లింగమూర్తి ఒక సారా గుత్తేదారుకు అమ్మినాడు. కప్పు రేకులు ఊడదీశారు. కుర్చీలు, బల్లలు బండికెక్కించారు. మూడు గోడలు పడగొట్టారు. నాలుగవది పక్కనున్న పిండి గిర్నిని ఆనుకొని ఉన్నందున ఇంకా నిలిచియున్నది. మా టాకీసులో తెర అంటే గుడ్డ కాదు, సున్నం వేసిన ఆ గోడే. వచ్చే ఆదివారం గిర్ని మూసి ఉన్నప్పుడు దానిని కూడా పడగొట్టెదరని తెలిసినది. ఈ అర్జీ ఆ గోడ గురించే. టాకీసు పోయినందుకు బాధపడేవారు వేరే ఉన్నారు, వారి అర్జీలు వారు పెట్టుకొందురు.

2. సదరు టాకీసు పూర్వోత్తరములు. లింగమూర్తి పుట్టుకతో యజమాని కాడు. మొదట్లో నాతోపాటు గనిలోకి దిగి బొగ్గు నింపినవాడే. నా భార్య సుసన్నాను చెల్లె అనేవాడు, ఆ వరసన నన్ను బావ అనేవాడు. టాకీసు కడతానన్నప్పుడు మేము డ్యూటీ దిగి, ఒంటిమీది బొగ్గు కడుక్కోకుండానే ఇటుకలు మోశాము. ఆ గోడకు సున్నం వేసింది మా ఆడవాళ్లు. కొంగులు నడుముకు దోపుకొని, ఒక్క మచ్చ లేకుండా వేశారు. ఎంతటి హీరో ముఖమైనా మా ఆడవాళ్ల సున్నం మీదనే పడింది. దీనికి మేము అప్పుడు ఏమీ అడగలేదు, ఇప్పుడూ అడగడం లేదు.

3. మా టాకీసులో ఒక కట్టుబాటు ఉండేది. తమ నియమావళిలో ఉండదు గనుక వివరించుచున్నాను. గని సైరను షిఫ్టు వేళకు మోగితే ఎవరూ తల తిప్పరు. వేళ కాని వేళ మోగిందంటే లోపల ఏదో జరిగింది. అట్లా మోగిన మరుక్షణం బొమ్మ ఆపాలి, దీపాలు వెయ్యాలి, తలుపులన్నీ బార్లా తెరవాలి. జనమంతా గని దగ్గరికి పరుగెత్తుతారు. వాళ్లు మళ్లీ వచ్చి, ఆగిన చోటినుంచి చూచేదాకా ఆ బొమ్మ రీళ్ల పెట్టె ఊరు దాటకూడదు. ఈలోగా వాళ్లకు కథ ఎవరూ చెప్పకూడదు, వాళ్లు వేరే ఊరిలో చూడకూడదు. ఎందుకని తమరు అడిగితే సరిగా చెప్పలేను. సగంలో లేచిపోయిన మనిషి తిరిగి వచ్చి అదే చోట కూర్చుంటేనే ఆపద గడిచినట్టు మా నమ్మకం. చిన్న చిన్న ప్రమాదాలప్పుడు ఇట్లా చాలాసార్లు జరిగింది. అప్పుడల్లా లింగమూర్తి మాట నిలబెట్టుకున్నాడు. ఈ సంగతి దాచితే నేనే అబద్ధాలకోరునవుతాను.

4. ఆరేండ్ల క్రిందటి వానకాలంలో సుసన్నా మొదటి ఆటకు పోయింది. ఆ సినిమా పేరు మా వాడలో ఎవరూ అనరు. సగం బొమ్మ అంటారు, నేనూ అట్లే రాస్తున్నాను. అందులో తల్లీ తండ్రీ లేని ఒక అక్క, ఒక తమ్ముడు. వరదలో తమ్ముడు పడవెక్కి పోతుంటే పాట వస్తుంది. అక్క లాంతరు పట్టుకొని ఒడ్డున నిలబడుతుంది. పడవ వంపు తిరిగి కనబడకుండా పోతుంది. అక్కడ సైరను మోగింది.

సుసన్నా తమ్ముడు దావీదు ఆ షిఫ్టులో లోపల ఉన్నాడు. తల్లి పోయాక అతనిని చంకనెత్తుకొని పెంచింది ఆమే. గని కప్పు కూలింది. మిగతావాళ్లు నడిచి బయటికి వచ్చారు. దావీదును మోసుకొని వచ్చారు. అక్కడ దుంగలు నిలబెట్టింది నేను కాదు, నాది ఆ రోజు వేరే షిఫ్టు. ఇది అర్జీకి అవసరం లేని మాట, అయినా రాస్తున్నాను.

5. దావీదును మట్టిచేసిన రోజు లింగమూర్తి చర్చి బయట అందరి ముందు సుసన్నా చేతులు పట్టుకొని ఇట్లు పలికినాడు: "చెల్లె, ఇప్పుడు నువ్వు సూసే తీరుల లేవు. పెట్టె పంపక తప్పదు. నువ్వు ఎప్పుడు వస్తనంటె అప్పుడు మళ్ల తెప్పిస్త. నువ్వు వచ్చి కూసున్నంకనే బొమ్మ మొదలైతది." ఆమె నమ్మింది. నేనూ నమ్మాను.

ఏడాది తిరిగాక ఆమె పోయి అడిగింది. పెట్టె దొరకడం లేదన్నాడు. దసరాకు అన్నాడు, క్రిస్మసుకు అన్నాడు, తరువాత ఎదురుపడితే పక్క సందులోకి తిరిగాడు. ఈలోగా ఆ బొమ్మ మంచిర్యాలలో ఆడింది. గోదావరి దాటితే మంచిర్యాల, రైలెక్కితే ఎంతసేపు. ఆ రోజు హాలులోనుంచి లేచి పరుగెత్తిన ఆడవాళ్లలో ఒక్కరూ పోలేదు. సుసన్నా బియ్యం ఏరుతూ ఏరుతూ ఆగి, "ఆ పిలగాడు వచ్చిండంటవా?" అని అడుగుతుంది. నేను చెప్పులు వేసుకుంటూ "వస్తడు తియ్" అంటాను. ఇది వట్టి సినిమా ముచ్చట అని తమరికి తోస్తే, తోచనివ్వండి.

6. ఇక అసలు ఫిర్యాదు. అమ్మకం కుదిరిన సంతోషంలో లింగమూర్తి గత నెల ఒక సాయంత్రం, కొన్నవారికీ పెద్దమనుషులకూ పిలుపుల మీద ఆఖరి ఆట వేశాడు. సుసన్నా టాకీసు పక్క నల్లా దగ్గర బిందె పెట్టి నిలబడి ఉంది. గోడ అవతలినుంచి పాట వచ్చింది. పడవ పాట. బిందె అక్కడే వదిలి గేటు దగ్గరికి పోయింది, ఆమె వెనక మిగతా ఆడవాళ్లు.

గేటులో మక్సూద్ ఉన్నాడు. టాకీసు మొదలైన నాటినుంచి టికెట్లు చింపినవాడు, మా అందరినీ పేరుపేరునా ఎరిగినవాడు. తల వంచుకొని, "పిలుపు లేనోళ్లను ఇడ్వద్దన్నడక్కా. నా నోటితోని నేనెట్ల చెప్పాలె" అన్నాడట. లోపల పాట అయిపోయింది. ఆ తరువాత వచ్చేది మిగతా సగం. బయట నిలబడి వినడం కట్టుబాటు కాదు గనుక సుసన్నా రెండు చేతులతో చెవులు మూసుకొని, ఆ వీధంతా అట్లాగే నడిచి ఇంటికి వచ్చింది. అయ్యా, ఇది రాసేసరికి నాకు కాగితం కనబడడం లేదు.

7. మరునాడు నేను పోయి అడిగితే లింగమూర్తి చెప్పిన జవాబు: "పెట్టె ఒక్క పూటకే దొరికింది బావా. వచ్చినోళ్లు పెద్దోళ్లు. మీ ఆడోళ్లు వచ్చి ఏడుస్తె వాళ్ల మూడ్ ఖరాబైతది." నమ్మించి గొంతు కోసినాడు అని రాయబోయి, అర్జీలో అట్లాంటి మాట చెల్లదేమోనని ఆగాను. మళ్లీ ఆలోచించి రాస్తున్నాను. నమ్మించి గొంతు కోసినాడు.

8. కావున తమరు దయతలచి, ఆదివారం ఆ గోడ మీద గునపం పడకుండా ఆపించవలెను. లింగమూర్తి చేత ఆ బొమ్మ పెట్టె మరల తెప్పించి, పడవ వంపు తిరిగిన చోటినుంచి వేయించవలెను. కప్పు అక్కరలేదు, కుర్చీలు అక్కరలేదు, చాపలు మేమే తెచ్చుకొందుము. ఆట అయిన తరువాత ఆ గోడను మేమే పడగొట్టి గుత్తేదారుకు జాగా చదును చేసి ఇచ్చెదము.

శనివారంలోగా చిత్తగించవలెను. సోమవారం చిత్తగించి ప్రయోజనము లేదు.

తమ విధేయుడు,
తీతు

మరొక మనవి: ఈ అర్జీ ఇవ్వడానికి వచ్చి తమ కార్యాలయం వరండాలో కూర్చున్నాము. మక్సూద్ నాకు తోడు వచ్చాడు. బయట నిలిపిన జీపును చూచి, ఆ సాయంత్రం టాకీసు ముందు ఆగినది ఇదేననీ, ముందు వరుసలో కూర్చున్నది తమరేననీ ఇప్పుడే చెప్పాడు. అర్జీ చింపేద్దామనుకున్నాను. సగం మడిచి, మళ్లీ విప్పి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

తమరు చివరిదాకా చూచినారు గదా. గోడ సంగతి తమ ఇష్టం. నేను లోపలికి వచ్చి ఈ కాగితం తమ బల్లమీద పెట్టి నిలబడతాను. ఇక్కడిదాకా చదివాక, ఆ పిల్లవాడు ఒడ్డుకు వచ్చి ఉంటే ఒక్కసారి తల ఊపండి. రాకపోయి ఉంటే ఇంకా చదువుతున్నట్టే ఉండండి, నేను వెళ్లిపోతాను. సుసన్నాకు ఏదీ చెప్పను. రేపు ఆమె మళ్లీ అడిగినప్పుడు "వస్తడు తియ్" అనే ముందు, నాకైనా తెలిసి ఉండాలి.