పక్క సీటులో కూర్చున్నవాడి మాట

శ్రీమతి గారికి,

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే అత్తయ్యా, నేనూ, నీ కారూ. నీ ఉత్తరంలో అడిగిన వరస వేరు కాబట్టి కారూ, అత్తయ్యా, నేనూ అని సరిచేసుకుని చదువుకో. అక్కడ నీ వంతెన పని సాఫీగా సాగుతోందనీ, క్యాంపు తిండి నీకు పడుతోందనీ, కులాసాగా ఉన్నావనీ తలుస్తాను. మీ సైటులో ఫోను అందదు కనక మనకి ఈ వయసులో ఉత్తరాలు రాసుకునే యోగం పట్టింది. పెళ్ళాం ఉత్తరం కోసం గుమ్మంలో కాపు కాయడం నాకు బాగానే ఉంది, కవరు చించి చదివేదాకా.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. వారం వారం ఇంజను స్టార్ట్ చేస్తున్నారా అన్నావు. చేస్తున్నాను. నువ్వు చెప్పినట్టే చోక్ సగం లాగి, యాక్సిలరేటరు తొక్కకుండా, అది దగ్గి, గొంతు సవరించుకుని, తనంతట తాను ఒక దారికి వచ్చేదాకా చేతులు కట్టుకుని పక్కనే నిలబడుతున్నాను. కింద ఆయిలు కారుతోందా అన్నావు. కారుతోంది. అట్టముక్క పరిచాను. మచ్చ అరచేయంత ఉంటే కంగారు పడక్కర్లేదని మెకానిక్ అన్నాడు, అరచేయంతే ఉంది. షెడ్డులో చెమ్మ లేదు. పిల్లి పైకి ఎక్కుతోంది, అత్తయ్య అదిలిస్తున్నారు. ఆవిడ మోకాలి నొప్పి కాస్త నయం. ఇక ఆఖర్న, కాగితం అంచున చోటు మిగిలితే అడ్డంగా ఇరికించి "మీరెలా ఉన్నారు?" అని రాశావు. బాగానే ఉన్నాను. నా కింద ఆయిలు కారడం లేదు.

అవును, కుళ్ళుకుంటున్నాను. నీకు తెలియని సంగతా? మొగుడికి కూడా సవతి పోరు ఉంటుందని పెళ్ళిలో ఎవరూ చెప్పలేదు నాకు. అది ఓడ దిగి, లారీ ఎక్కి మన సందులోకి వచ్చిన రోజు గుర్తుందా? సందంతా కిటికీల్లోంచి చూస్తోంది. నువ్వు కాళ్ళకి చెప్పులైనా లేకుండా వీధిలోకి పరిగెత్తావు. మనం బడికి వెళ్ళే రోజుల్లో ఏ దేశంలోనో తయారైన కారు, ముదురాకుపచ్చ రంగు, తలుపు అంచుల్లో పెచ్చులు లేచిపోయి, మన మంచమంత ఎత్తయినా లేకుండా నేలకి అతుక్కుని ఉంది. సీట్లు రెండంటే రెండే. దాని ముక్కు మీద చెయ్యి వేసి నిలబడిపోయావు. మన పెళ్ళయిన కొత్తలో కూడా నన్ను నువ్వు అలా చూసినట్టు గుర్తు లేదు.

తరవాతి రోజులు ఇంకా ఘోరం. పొద్దున్నే షెడ్డులోంచి నీ గొంతు వినబడేది, "లే తల్లీ, లే, తొందరేం లేదు" అంటూ. కాఫీ పడందే నేనూ కదలనని ఊరందరికీ తెలుసు. ఏనాడూ నన్ను "లే తండ్రీ" అన్న పాపాన పోలేదు. చలికి దాని రెండో గేరు మొరాయిస్తే కోప్పడకూడదనీ, ఒక్క క్షణం న్యూట్రల్‌లో ఆగి మళ్ళీ అడగాలనీ కనిపెట్టావు. నేను మొరాయించినప్పుడు నువ్వు ఎక్కడా ఆగవు. ఎడమ చక్రం దగ్గర ఏదో చిన్న కీచు వినబడితే తల పక్కకి వాల్చి, కళ్ళు మూసుకుని వినేదానివి. నేను ఏదైనా చెబుతుంటే కళ్ళు మూసుకున్నావంటే నిద్రపోతున్నావని అర్థం.

ఆ మెకానిక్ ఒకడు. "మేడం చెయ్యి ఎంత మెత్తనో సార్, గేరుకి నొప్పే తెలియదు" అని నా ఎదురుగానే అన్నాడు. నీ చెయ్యి మెత్తనని ఇంకొకడు నాకు చెప్పాలా? మీరిద్దరూ బానెట్ కింద తలలు దూర్చి గంటల తరబడి గుసగుసలాడుతుంటే నేను టీ కప్పులు పట్టుకుని పెళ్ళివారి ఇంట్లో అద్దె సామాను మనిషిలా నిలబడేవాడిని. అన్నిటికంటే కడుపు మండింది సీట్ల దగ్గర. ఊళ్ళో సగం సోఫాలకి తొడుగు కుట్టింది నేను. ఆ తోలు పగిలి, లోపల స్పాంజి పొడిపొడిగా రాలుతుంటే నా చేతులు ఊరుకుంటాయా? టేపు పట్టుకుని వచ్చాను. నువ్వేమో, "ఏమండీ, దాని జోలికి వెళ్ళకండి, ఆ ముడతలే దాని అందం" అన్నావు. నా ముడతల గురించి ఎప్పుడైనా ఆ మాట అన్నావా?

అత్తయ్య కనిపెట్టేశారు. మొన్న నేను దాని మీద గుడ్డ కప్పుతూ కాస్త విసురుగా లాగినట్టున్నాను, వరండాలోంచి కేకేశారు.

"దానితో మీకు పోటీ ఏంటి బాబూ? ఇనప ముక్క అది!"

"పోటీ ఎవరికండీ? దుమ్ము పడుతోందని కప్పుతున్నాను."

"కప్పండి, కప్పండి. మొహం మీరు అటు తిప్పుకోండి ముందు, అందరికీ కనబడుతోంది."

కూతురికి తగ్గ తల్లి.

ఇక నువ్వు రాసిన అసలు సంగతికి వస్తాను. ఇంతసేపూ చుట్టూ తిరిగింది దాన్ని తప్పించుకోవడానికే. కారు అమ్మేద్దామని రాశావు. "మంచి కారే, కానీ దానికి దమ్ము లేదు, నా చేతికి ఒడుపు లేదు. కొండదారిలో ఒక్క ఇటుకల లారీని కూడా దాటలేకపోయాను. చిన్నప్పటి నుంచీ అనుకున్న సరదా కదా అని కొన్నాను, ఈ వయసులో నాకెందుకు చెప్పండి. నేను వచ్చేముందే ఒక పళ్ళ డాక్టరు అడిగాడు, ఒకసారి నడిపి చూసుకోనివ్వండి" అని. రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు పొంగిపోయాను, దాచను. పీడ వదిలిందనుకున్నాను. షెడ్డులో నా కుట్టుమిషను మళ్ళీ ఎక్కడ పెట్టుకోవాలో కూడా చూసుకున్నాను. రెండోసారి చదివినప్పుడు "ఈ వయసులో నాకెందుకు" అన్న దగ్గర ఆగిపోయాను. నదుల మీద వంతెనలు కట్టే మనిషివి. నీ నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

డాక్టరు ఆదివారం వచ్చాడు. కారు చుట్టూ తిరిగి, బానెట్ ఎత్తి, లైటు వేసి, అచ్చం నోరు తెరిపించి చూసినట్టే చూశాడు. వాళ్ళావిడ అత్తయ్య దగ్గర కూర్చుంది. ఆయన ఎడమ వైపు స్టీరింగు ముందు, నేను కుడి పక్కన. "ఈ వైపు నుంచి ముందు బండి అవతల ఏముందో నాకేం కనబడదు, మీరే నాకు కళ్ళు" అన్నాడు నవ్వుతూ. నువ్వు నాతో మొదటి రోజే చెప్పిన మాట. మన రోడ్ల మీద తిరిగే బళ్ళన్నిటికీ స్టీరింగు కుడి వైపు, దీనికి ఎడమ వైపు. అందుకని ముందున్న బండిని దాటాలంటే పక్క సీటువాడు తొంగిచూసి దారి ఉందో లేదో చెప్పాలి, నడిపేవాళ్ళు ఆ మాట నమ్మాలి.

మళ్ళీ ఆ కొండదారే ఎక్కాం. మళ్ళీ ఒక ఇటుకల లారీ, అదే పొగ, అదే నత్తనడక. డాక్టరు కాసేపు వెనకే వెళ్ళి అడిగాడు.

"వెళ్ళొచ్చాండీ?"

తల బయటికి పెట్టి చూశాను. తిన్నటి రోడ్డు. చాలా దూరంగా, పై మలుపు దగ్గర, ఒక బస్సు చిన్నగా కనబడుతోంది. నీతో వెళ్ళిన రోజు కూడా సరిగ్గా ఇలాగే ఉంది.

ఇప్పుడు చెబుతాను. ఆ రోజు నువ్వు "ఏమండీ, వెళ్ళొచ్చా?" అని అడిగిన ప్రతిసారీ "చాలదు" అన్నాను కదా. చాలేది. బోలెడంత దారి ఉన్నా చాలదన్నాను. ఎక్కడో ఉన్న బస్సుని మీదికొస్తోందన్నాను. నువ్వు ఒకసారి ధైర్యం చేసి పక్కకి తీస్తే "వద్దొద్దు, లాగదు, ముసలి ఇంజను" అని అరిచాను. నువ్వు బ్రేకు తొక్కి మళ్ళీ లారీ వెనక్కి వచ్చేశావు. దారి పొడుగునా ఆ పొగ మింగించాను నీ చేత.

ఎందుకో అడుగుతావు. బయల్దేరేటప్పుడు నీ మొహం చూశాను. చీర కొంగు నడుముకి దోపుకుని, పెదవులు బిగించి, చిన్నపిల్లలా మెరిసిపోతున్నావు. ఆ లారీని దాటితే ఎలా నవ్వుతావో నాకు ముందే తెలిసిపోయింది. ఆ నవ్వు తెప్పించేది నేను కాదు, ఆ కారు. అంతే, ఓర్వలేకపోయాను. మొదటిసారి "చాలదు" నోరు జారి వచ్చిందేమో అని సర్దిచెప్పుకోవచ్చు. ఆ తరవాతవన్నీ కావాలనే అన్నాను. నువ్వు ఒక్కసారి కూడా అనుమానించలేదు. కిందికి దిగాక "దీనికి దమ్ము లేదండీ" అన్నావు, "పాతది కదా" అన్నాను. ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ వేళ్ళు చాచి అటూ ఇటూ తిప్పి చూసుకున్నావు. ఒడుపు ఎక్కడికి పోయిందా అని వెతుక్కున్నావని నీ ఉత్తరం చూశాక అర్థమైంది. అప్పుడు మాత్రం నాకు ఆకలి దంచేసింది, కడుపునిండా తిన్నాను.

డాక్టరు మళ్ళీ అడిగాడు, "వెళ్ళొచ్చా?" అని. అలవాటైపోయింది కాబోలు, "చాలదు" నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ పరాయి మనిషి మీద నాకేం అసూయ? "వెళ్ళండి" అన్నాను.

దమ్ము లేదన్నావే! ఆయన గేరు దింపి కాలు అదిమాడో లేదో, నా వీపు ఆ చిరుగుల సీటుకి అంటుకుపోయింది. ఇటుకలు డాక్టరు చెవి పక్కనుంచి గోడలా వెనక్కి పోయాయి. నేను తెరిచిన నోరు మూసేలోపు లారీ అద్దంలో ఉంది. బస్సు ఇంకా ఆ మలుపు దగ్గరే ఉంది. డాక్టరు స్టీరింగు మీద చరిచి పగలబడి నవ్వాడు. కంట్లోంచి నీళ్ళొచ్చేలా నవ్వాడు.

ఏం చెప్పను! నా జన్మలో అంత కుళ్ళు ఎప్పుడూ పడలేదు. కారు మీద కాదు, మెకానిక్ మీద కాదు, ఆయన మీద. అది నీ నవ్వు. చిన్నప్పటి నుంచీ నువ్వు దాచుకున్నది. నేను నీ దగ్గర లాక్కుని, ముక్కూ మొహం తెలియని మనిషి చేతిలో పెట్టాను. ఆయన పళ్ళన్నీ ఊడగొడదామన్నంత ఒళ్ళు మండింది. ఆయన పాపం, కళ్ళు తుడుచుకుంటూ, "ఇంత దమ్మున్న బండిని మేడం ఎందుకు అమ్ముతున్నారండీ?" అని అడిగాడు. "తెలియదు" అన్నాను. అదొక్కటే ఆ రోజు నేను చెప్పిన అబద్ధం.

ఆయనకి మన కారు కావాలి. ఈ పాటికి రెండుసార్లు ఫోను చేశాడు. మా ఆవిడ ఉత్తరం రానివ్వండి అని ఆపాను. అత్తయ్యకి మొత్తం చెప్పాను. ఆవిడ చివరిదాకా విన్నారు. తరవాత "నాతో చెప్పి ఏం లాభం బాబూ, పెన్ను తీయండి" అన్నారు. మధ్యాహ్నం నుంచీ తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, రాశానా లేదా అని చూస్తున్నారు. అన్నట్టు, నిన్ను అడిగినట్టు చెప్పమన్నారు.

కోపం వస్తే రానీ. తిట్టాలనిపిస్తే తిట్టు, ఈసారి కాగితం అంచున కాదు, నడిమధ్యన రాయి. నువ్వు తిరిగొచ్చాక నా మాట నమ్మి బండి పక్కకి తీస్తావని నేను అనుకోవడం లేదు. పక్క సీటులో మెకానిక్‌ని కూర్చోబెట్టుకున్నా ఏమీ అనను. లోలోపల అంటాను, అది నా కర్మ, నీకు వినబడనివ్వను. అమ్మాలనిపిస్తే అమ్ము, అదీ నీ ఇష్టమే. కానీ చేతకాక అమ్ముతున్నానని మాత్రం అనుకోవద్దు. ఆ రోజు నీకు దారి ఉంది. ఎంత కావాలో అంతా ఉంది. నేనే లేదన్నాను.

ఇట్లు,
నీ జవాబు ఎలా ఉన్నా చదవడానికి గుమ్మంలో ఉండే
నీ భర్త