చెల్లుకు చెల్లు ఓట్లు

స్కార్‌బెక్, యార్క్‌షైర్ తీరం
నవంబరు 2018, సోమవారం

బావకి,

విన్నీ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరూ క్షేమమేనని మీ ఇంటి పొగగొట్టం చూసి పొద్దున్నే తెలుసుకున్నాను. రోడ్డుకు అటువైపు మీరు, ఇటువైపు నేను. కేకేస్తే వినపడే దూరానికి ఉత్తరం దేనికని మీరనుకోవచ్చు. మనం మాట్లాడుకోవడం మానేసి రెండేళ్ళు దాటింది కదా. పైగా మీరు ఊరి పంచాయతీకి పెద్ద. ఇది అధికారిక విషయం.

దేశం యూరప్ కూటమిలోంచి బయటికి పోవాలని అప్పట్లో సగం కంటే కాస్త ఎక్కువమంది ఓటేశారు. బయటికి పోవడమంటే ఏమిటో జనానికి ఇప్పుడిప్పుడే తెలిసివస్తోంది. అందుకని దేశాన్ని రెండోసారి అడగాలా వద్దా అన్నదాని మీద మన ఊళ్ళో ఓటింగ్ పెట్టమని పదిమందిమి సంతకాలు చేశాం. పదిమంది అడిగితే పెట్టి తీరాలని నిబంధన. మనం చెప్తే లండన్ వాళ్ళు వింటారన్న భ్రమ నాకు లేదు. మన ఎంపీ చెవిన వేసినట్టన్నా ఉంటుంది. తేదీ చెప్పండి.

ఇట్లు,
మీ మరదలు వినిఫ్రెడ్ లిత్

తా.క. పదో సంతకం మీ క్షవరం చేసే ఆయనది. ఈసారి వెళ్ళినప్పుడు రాజకీయాలు ఎత్తకండి. చెవులు రెండే ఉన్నాయి.


బుధవారం

విన్నీకి,

బావ సెడ్రిక్ దీవెనలు. నా పొగగొట్టం మీద నీ కాపలాకి సంతోషం.

నేను తెలియక ఓటేశానని నీ ఉద్దేశం. జీవితమంతా కాడ్ చేపలు పట్టి బతికినవాణ్ణి. మన సముద్రంలో మన చేపల్ని ఎన్ని పట్టాలో యూరప్‌లో ఎక్కడో కుర్చీలో కూర్చున్నవాళ్ళు చెబితే నోరు మూసుకుని విన్నవాణ్ణి. శుభ్రంగా తెలిసే వేశాను. వేసిన ఓటు మళ్ళీ అడగడమంటే, పెళ్ళయిన రెండేళ్ళకి చర్చి ఫాదరు ఇంటికొచ్చి "ఏమ్మా, ఇంకా ఇష్టమేనా?" అన్నట్టుంటుంది. ఎన్ని కాపురాలు నిలబడతాయో నువ్వే చెప్పు.

అయినా నిబంధన నిబంధనే. వచ్చేవారం గురువారం, సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది దాకా, ఊరి హాల్లో. జిల్లా ఆఫీసు నుంచి ఒకావిడ ఓట్ల పెట్టె పట్టుకొస్తుంది.

ఇట్లు,
సెడ్రిక్ మెట్‌కాఫ్, పంచాయతీ పెద్ద

తా.క. అప్పుడు ఓటింగ్ అయిన ఆదివారం భోజనం మధ్యలో లేచి, మాంసంలోకి కాల్చిన ఉప్పు పుడ్డింగ్‌ని రేకుతో సహా పట్టుకుని వెళ్ళిపోయావు. ఆ రేకు మీ అక్క మ్యూరియల్‌ది. అప్పట్నుంచి నా ఆదివారాలన్నీ డబ్బా చిక్కుళ్ళతో గడుస్తున్నాయి.


శుక్రవారం

బావకి,

మీ రేకు మీకు పంపాను. పోస్టు తెచ్చే అమ్మాయి చేతికిచ్చాను. తోమి మరీ ఇచ్చాను. ఒకరి సొత్తు ఉంచుకునే అలవాటు మా లిత్‌ల ఇంట్లో లేదు.

లేచి వెళ్ళానన్నారు. ఎందుకు వెళ్ళానో కూడా రాయాల్సింది. "నీ డచ్ అతిథులు ఇక వాళ్ళింట్లోనే ఉండొచ్చు" అన్నారు మీరు, నోట్లో నా పుడ్డింగ్ పెట్టుకుని. ఇరవై వేసవులు నా ఇంట్లో గదులు తీసుకున్నవాళ్ళు వాళ్ళు. అక్క పోయినప్పుడు పూలు పంపినవాళ్ళు. బాధేసింది బావా, ఇప్పటికీ వేస్తోంది.

సరే, గురువారం సంగతి. మీరు "వద్దు" అంటారు, నేను "కావాలి" అంటాను. మీ ఓటుకీ నా ఓటుకీ చెల్లు. దానికోసం ఈ చలిలో ఇద్దరం హాలు దాకా వెళ్ళి ముక్కులు కారించుకోవడం దేనికి? మీరు వెళ్ళకండి, నేనూ వెళ్ళను. పార్లమెంటులో పెద్దమనుషులు కూడా ఇలాగే జతకట్టుకుని ఇద్దరూ ఇంట్లో ఉండిపోతారట.

మీ
విన్నీ

తా.క. ఎదురింటికి పార్సిలేమిటని పోస్టు అమ్మాయి అడిగింది. దౌత్య సంబంధాలు తెగిపోయాయని చెప్పాను.


శనివారం

విన్నీకి,

రేకు చేరింది. ఒక్కటే చేరింది. నేను రేకు అడిగానా? దాంతో ఏం చేసుకోమంటావు, టోపీలా పెట్టుకుని చర్చికి వెళ్ళమంటావా?

పోనీలే. జతకట్టడం మంచి ఆలోచనే, మనుషులు మంచివాళ్ళయితే. పోయినసారి లెస్లీ, గాడ్‌ఫ్రీ ఇలాగే ఒట్టేసుకున్నారు. చిన్నప్పట్నుంచీ ఒకే పడవలో పెరిగినవాళ్ళు. లెస్లీ వెనక సందులోంచి, గాడ్‌ఫ్రీ చర్చి పక్కనుంచి వచ్చి, హాలు గుమ్మంలో ఒకళ్ళనొకళ్ళు గుద్దుకున్నారు. ఇద్దరూ ఓటేశారు. ఇవాళ్టికీ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోరు.

కాబట్టి నాదొక షరతు. గురువారం నాలుగు నుంచి తొమ్మిది దాకా నువ్వు నా కళ్ళెదురుగా ఉండాలి. మా వంటింట్లో కూర్చో. హాలు తాళంచెవి పొద్దున్నే జిల్లా ఆఫీసు ఆవిడకి ఇచ్చేస్తాను, నాకు హాలుకి వెళ్ళే పనే ఉండదు.

ఇట్లు,
బావ

తా.క. తలుపు గడియ వేస్తాను. కంగారు పడకు, చలిగాలికి.


సోమవారం

బావకి,

మీ ఉత్తరం అందింది. కోపం పట్టలేక కొట్టుకి తీసుకెళ్ళి అందరి ముందూ చదివాను. గడియ దగ్గరికి వచ్చేసరికి మాంసం కొట్టు ఎడ్నా, ఇది మనిషిని ఎత్తుకుపోవడం కిందకే వస్తుందంది. ఆ క్షవరం ఆయన మాత్రం గడ్డం గోక్కుంటూ, షరతు సబబుగానే ఉందన్నాడు. మీ ఉత్తరం అందరి చేతులూ తిరిగి, మధ్యలో జామ్ మరక పడి నా దగ్గరికొచ్చింది.

చాటుగా వెళ్ళి ఓటేసొచ్చే మొహంలా ఉందా నాది? అసలు జారుకునేది మీరు. ఆ సంగతి మా అక్కకీ తెలుసు, నాకూ తెలుసు. వస్తాను. కాపలా కాసేది నేను, కాయించుకునేది మీరు. ఈ విషయం ముందే స్పష్టంగా ఉండాలి.

వంట నేనే చేస్తాను. మీరు వండితే అది ఓటర్లని బెదిరించడం అవుతుంది.

ఇట్లు,
వినిఫ్రెడ్

తా.క. నేను వచ్చేసరికి పొయ్యి బాగా కాగి ఉండాలి, రేకులో కొవ్వు పొగలు రావాలి. లేకపోతే పుడ్డింగ్ పొంగదు. పొంగకపోతే అదీ మా పక్షం తప్పే అంటారు.


శుక్రవారం పొద్దున

విన్నీ,

క్షేమసమాచారాలు అక్కర్లేదు. రాత్రి తొమ్మిది దాకా నువ్వు నన్ను చూస్తూనే ఉన్నావు. బొగ్గు తేవడానికి పెరట్లోకి అడుగు పెడితే కోటు తగిలించుకుని వెనకాలే వచ్చావు.

"బావా, బొగ్గుకా, ఓటుకా?" అన్నావు.

రెండేళ్ళలో నువ్వు నాతో నోటితో అన్న మొదటి మాట అది. చీకట్లో నా మొహం నీకు కనపడలేదు కాబట్టి సరిపోయింది.

నువ్వు గడప దాటాక ఆఫీసు ఆవిడ తాళంచెవి ఇవ్వడానికి వచ్చింది. ఫలితం అడిగాను. పెట్టె బల్ల మీద పెట్టి తెరిచి చూపించింది. లోపల ఏమీ లేదు. ఒక్క ఓటూ పడలేదు. సాయంత్రమంతా ఒక్కతే కూర్చుని మేజోడు అల్లుకుందట. ఊళ్ళో ఏదైనా అంటురోగమా అని భయపడి, హాలు మూసి వస్తూ కిటికీల్లోంచి చూసిందట. ప్రతి ఇంట్లో దీపాలు, ప్రతి బల్ల దగ్గరా ఇద్దరేసి. ఎడ్నా ఇంట్లో క్షవరం ఆయన కూర్చుని సూపు తాగుతున్నాడట. ఇంకో ఇంట్లో ఇద్దరు ముసలాళ్ళు పేకాడుతూ పెద్దగా నవ్వుతున్నారట. ఏ ఇల్లని అడిగాను. నీలం తలుపు అంది. గాడ్‌ఫ్రీ ఇల్లు విన్నీ. లెస్లీ కాకుండా రెండోవాడెవడుంటాడు?

నువ్వు కొట్లో చదివిన నా ఉత్తరం పుణ్యమే ఇదంతా. ఊరు ఊరంతా జతలు కట్టి ఒకళ్ళకొకళ్ళు కాపలా కాసింది.

నీకు చాలా కృతజ్ఞుణ్ణి. రాత్రి భోజనానికి. వచ్చినందుకు. మ్యూరియల్ పోయాక ప్రతి ఆదివారం రోడ్డు దాటి వచ్చి నన్ను మనిషిలా నిలబెట్టినందుకు. నీ డచ్ దంపతులు వేసవిలో వస్తే చెప్పు, పడవలో తిప్పుతాను. మ్యూరియల్‌కి పూలు పంపింది వాళ్ళేనని నీ ఉత్తరం చూసేదాకా నాకు తెలియదు.

ఇంక అసలు సంగతి. ఫలితం గడిలో ఏం రాయమంటారని ఆవిడ అడిగింది. "ఏమీ తేలలేదు. రెండోసారి పెట్టాలని రాయండి" అన్నాను.

"రెండోసారి కావాలన్నది ఎవరని రాయను?"

"సెడ్రిక్ మెట్‌కాఫ్" అని చెప్పాను. నిజంగానా అని రెండుసార్లు అడిగి మరీ రాసుకుంది.

నా అభిప్రాయం వెంట్రుకవాసి కూడా మారలేదు. దేశాన్ని రెండోసారి అడగకూడదు. స్కార్‌బెక్‌ని మాత్రం నెలనెలా అడగాలి.

ప్రేమతో,
నీ బావ

తా.క. పొద్దున్నే సంతకాలకి తిరిగాను. అడిగినవాళ్ళందరూ పెట్టారు, లెస్లీ, గాడ్‌ఫ్రీ పక్కపక్కనే పెట్టారు. నాకిప్పుడు ఒక్కటే భయం. ఇలా కలిసి తింటూ పోతే జనం ఒకళ్ళనొకళ్ళు నమ్మేసి, కాపలా అక్కర్లేదనుకుని ఎవరింట్లో వాళ్ళు ఉండిపోతారేమో. ఊరి సంగతి నా చేతిలో లేదు. విన్నీ, నువ్వు మాత్రం దయచేసి నన్ను నమ్మకు.