వాగు గట్టు ఎక్కిన నీ బండి

రాములూ,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నిన్న పక్కింటి లచ్చమ్మ కూతురికి నొప్పులు మొదలయ్యాయి. లచ్చమ్మ పరుగెత్తుకొచ్చింది. "వదినా, రాములు బండి ఇయ్యరాదూ! అంబులెన్సు వాగు దాటదంట."

నీ మోటారుసైకిలు నీ తమ్ముడు నడిపాడు. వెనక ఆ పిల్ల, ఆమెను పట్టుకుని లచ్చమ్మ. వానకు గట్టంతా బురద. నేను ఇవతలే నిలబడి చూశాను.

నువ్వు చెప్పేవాడివి. "అమ్మా, మన బండి ఇంజనుది సన్న బోరు, పొడుగు స్ట్రోకు. సన్నటి గొట్టంల పిస్టను పొడుగ్గ దిగి లేస్తది. నువ్వు రోకలి ఎత్తి దంచినట్టు, నిదానంగ పోయినా బలంగ లాగుతది. పటేలోళ్ల కొత్త బండిది వెడల్పు బోరు, పొట్టి స్ట్రోకు. అక్క దంచినట్టు చిటుకుచిటుకుమంటది, ఉరికితేనే బలం." అక్క నిన్ను చీపురుతో తరిమేది.

నీకు జ్వరం ముదిరిన రోజు కూడా "మన బండేనమ్మా" అన్నావు. కొత్తదైతే తొందరగా పోతుందని నేనే నిన్ను పటేలోళ్ల బండి ఎక్కించాను. అదే గట్టు మీద, అదే బురదలో అది ఆగి ఆగి చచ్చింది. దవాఖాన చేరేసరికి నీకు మాట పడిపోయింది.

నిన్న నీ బండి ముగ్గురిని మోసుకుని, మెల్లగా, ఎక్కడా ఆగకుండా ఎక్కేసింది. లచ్చమ్మకు మనవరాలు పుట్టింది. అందరూ నిన్నే తలుచుకున్నారు.

నీకొక్కడికే చెబుతున్నా నాయనా. బండి గట్టు మొదలుకు చేరినప్పుడు, ఆగిపోతే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను. ఆగిపోయి ఉంటే, ఆ రోజు ఏ బండీ ఎక్కేది కాదులే అని నాకు నేను చెప్పుకునేదాన్ని.

మీ అమ్మ