అలికిన వాకిట్లో మసి

బాన్సువాడ,
12 మార్చి 2025.
ఈరోజు పనులు: బియ్యం చెరగడం అయింది. మిరపకాయలు ఎండబోసి, మసి దులపడం అయింది. దుప్పట్లు రేపు.

చిరంజీవి సోనికి ఆశీస్సులు. మీ బాపు దగ్గు తప్ప ఇక్కడ మిగతా అందరం బాగున్నాం.

బాపు బీడీ మానాడా అని అడిగావు. నా ముందు మానాడు. వకీలు చదివిన పిల్ల భూముల కేసులు పట్టక గాలి కేసులు పట్టడమేమిటని మీ మేనమామ ఇంకా అడుగుతూనే ఉన్నాడు.

నువ్వు రాలేకపోయిన తనిఖీకి ట్రిబ్యునల్ పంపిన సార్లు వచ్చినప్పుడు ఏమైందన్నావు. ఫోన్లో చెబితే మధ్యలో అడ్డు ప్రశ్నలు వేస్తావు. అందుకే రాస్తున్నాను. కూర్చుని చదువు.

పక్కనున్న రైసుమిల్లు మసి మన తండా మీద ఎలా పడుతుందో సార్లు కళ్లారా చూడాలని, "యాడీ, ఏదీ ముట్టకుండ్రి" అని ఈ తల్లికి మరీమరీ చెప్పావు. నీ మొదటి కేసు. కానీ పెద్ద సార్లు వస్తుంటే మురికి వాకిలి ఎలా చూపిస్తాం? తెల్లవారేసరికి పక్కింటి దేవీబాయి చీపురు పట్టింది. ఆమెను చూసి తండా అంతా పట్టింది. గోడలు కడిగాం, వాకిళ్లు అలికాం, ముగ్గులేశాం. నిమ్మచెట్టు ఆకులు కూడా తుడిచాం.

మిల్లు వకీలు వెంకటనారాయణ నవ్వు ఆపుకోలేకపోయాడు.

"మసేదవ్వా? గీ వాకిట్ల అన్నం పోసుకొని తినొచ్చు!"

"తిందువు తియ్, ముందుగాల ఛాయ్ తాగు" అంది దేవీబాయి.

నీ కేసును మేమే ఊడ్చి పారేశామనిపించింది.

సార్లు వస్తున్నారని ఆ పూట మిల్లు ఆపి ఉంచారు. తండా తళతళ చూసి, మసి మాట ఉత్తదేనని వకీలుకు ధైర్యమొచ్చింది. "ఇగ నడిపియ్యిండ్రి, ఫికర్ లేదు" అని మిల్లుకు ఫోన్ కొట్టాడు. నేను ఛాయ్ పోసేలోపు మసి దిగింది. ముగ్గు మీద, ఛాయ్ మీద, పెద్దసారు తెల్లచొక్కా మీద.

"గిది పాతది సార్, పొయ్యిలది" అన్నాడు మిల్లు వకీలు.

"పొద్దుగాల్నే అలికినం, ఇంకా తడే ఆరలే. పాతదెట్లయితది వకీలు సాబ్?" అంది దేవీబాయి.

సారు వంగి ముగ్గు మీద వేలు రాసి చూసుకున్నారు. ఫొటోలు తీయించారు. 'మా కళ్ల ముందే పడింది' అని రాసుకున్నారు. ఇక కోర్టులో నీ వంతు.

ఒక మాట దాచాను. చీపురు మొదట పట్టింది దేవీబాయి కాదు, నేనే. ఇప్పుడు తిట్టుకో.

పెద్దసారు చొక్కాను సాక్ష్యమని సంచిలో కట్టారు. ఆయన మీ బాపు పెళ్లిళ్ల చొక్కా తొడుక్కుని వెళ్లారు. నిన్న దాన్ని ఉతికించి, ఇస్త్రీ చేయించి పంపారు. ఆ బాకీ తీరింది.

ఇట్లు,
నీ యాడి మంజుల