షిదారా పాట

మార్చి 28

సీజన్‌లో తొలి ఆట. మా ఉషియో జట్టు 4, అవతలివాళ్లు 2. గెలిచాం. అయినా ఒళ్లు మండుతోంది. యాజమాన్యం జట్టుని నడిపే కొత్త మేనేజర్‌ని తెచ్చింది, కొత్త స్కోర్‌బోర్డ్ పెట్టింది. స్టేడియం ఊడ్చే ముప్పై ఎనిమిది మంది ఆడవాళ్లను మాత్రం ఆగస్టు నుంచి బయటి కాంట్రాక్టర్‌కి అప్పజెబుతుందట. పేపర్లో ఆ వార్త నాలుగు లైన్లు. బంతి విసిరే పిచ్చర్ మోచేతి నొప్పికి సగం పేజీ.

మేనేజర్ గురించి ఒక్క మాట. మొదటి ఇన్నింగ్స్‌లోనే బంతిని బ్యాట్‌తో ఊరికే తాకించే బంట్ కొట్టించేవాడికి బేస్‌బాల్ మీద నమ్మకం లేదు, బ్యాటర్ల మీద అసలే లేదు.

షిదారాకి రెండు హిట్లు. ముప్పై ఆరేళ్లొచ్చినా రెండో బేస్ దగ్గర ఇంకా పిల్లి అడుగులే. అతను బ్యాట్ పట్టుకుని రాగానే రైట్ ఫీల్డ్ వెనక స్టాండ్‌లో మా అభిమానులంతా లేచి, ఆటగాడికొకటి కట్టే పాటల్లో అతనిది అందుకున్నారు. తొమ్మిదేళ్ల కిందట బడి వంటశాలలో ముల్లంగి తరుగుతూ కట్టాను దాన్ని. చివరి లైన్లో మా రేవు ఊరు వస్తుంది: "నువ్వు కావలి ఉంటే రేవుకి నిద్ర పడుతుంది."

ఏప్రిల్ 11

ఊడ్చేవాళ్లను కాంట్రాక్టర్‌కి ఇవ్వొద్దని ఆటగాళ్ల గేటు దగ్గర సంతకాలు సేకరించాం. నేనూ, ఊడ్చేవాళ్ల తరఫున ఓచియాయ్ గారూ. ఆమెకి అరవై మూడు. ఇరవై రెండేళ్లుగా మా స్టాండ్లో మేం పారేసే బీరు కప్పులు ఎత్తుతోంది.

పది మంది ఆటగాళ్లు తలొంచుకుని వెళ్లిపోయారు. వాళ్లతో నాకు పేచీ లేదు. షిదారా వేరు. జట్టులో ఆటగాళ్ల సంఘానికి అతనే ప్రతినిధి. ఆగాడు, బ్యాగు కింద పెట్టాడు, కాగితం మొత్తం చదివాడు. "క్షమించండి, ఇప్పుడు నాకు కుదరదు" అని నడుము దాకా వంగి వెళ్లిపోయాడు.

కుదరదట! పెన్ను పట్టుకోవడం కుదరదా?

పోనీలేమ్మా, అతనికి ఏ కష్టాలున్నాయో అంది ఓచియాయ్ గారు. ఆవిడ మంచితనమే ఆవిడ కొంప ముంచుతోందని అప్పుడు అనుకున్నాను.

ఏప్రిల్ 13

స్టేషన్ నిండా కాంట్రాక్టర్‌ని మెచ్చుకుంటూ యాజమాన్యం కొత్త పోస్టర్. "మెరిసే స్టేడియం, మెరిసే రేపు." మధ్యలో పళ్లు కనిపించేలా నవ్వుతూ షిదారా.

ఏప్రిల్ 14

బడి నుంచి రాగానే కూర్చుని కరపత్రం రాశాను. రైట్ ఫీల్డ్ గేటు దగ్గర మేం వారం వారం పంచే ఒంటి కాగితమే. ఇంతవరకూ అందులో బంట్ల మీదా బుల్‌పెన్‌లోని అదనపు పిచ్చర్ల మీదా దెబ్బలాడాను. ఈసారి హెడ్డింగ్: "ఎవరికి కావలి?" అతని పేరు ఏడుసార్లు రాశాను. కార్మికుల ఓట్లతో ప్రతినిధి అయ్యి, కార్మికుల కాగితం మీద సంతకం పెట్టనివాడికి కార్మికుల గొంతు ఎందుకు? ఇవాళ్టి నుంచి అతనికి పాట లేదు. తిట్టం, ఈల వెయ్యం. ఊరుకుంటాం.

రాశాక చాలా హాయిగా అనిపించింది. అన్నం రెండుసార్లు పెట్టుకున్నాను.

ఏప్రిల్ 19

స్టాండ్‌లో పాటలు నడిపే మా చీర్ దళం మీటింగ్, కుసునోకి గారి టోఫు కొట్టు వెనక. ఆయన మా లీడర్. నలభై ఏళ్లుగా ట్రంపెట్ ఊదుతున్నారు.

నేను ఇరవై నిమిషాలు మాట్లాడాను. అయ్యాక ఆయన చేతులు తుడుచుకుంటూ, "ఇనాగాకీ, పాట అనేది మనం అతనికి ఇచ్చింది. ఇచ్చినదాన్ని లాక్కునే అలవాటు మీ ఇంట్లో ఉందేమో, మా ఇంట్లో లేదు" అన్నారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ ఆడవాళ్ల పని పోతుంటే మనం డప్పులు కొట్టుకుంటూ కూర్చోవాలా లీడర్ గారూ, అని అడిగాను. నువ్వు వంట చేసే బడిలో అన్నం పారేసిన పిల్లాడికి మర్నాడు పళ్లెం పెట్టవా ఏంటి, అని ఆయన. అదీ ఇదీ ఒకటేనా, అని నేను. డోలు వాయించే ఫుకామాచి మధ్యలో దూరి, మీ ఇద్దరూ పెళ్లి చేసుకోండి, రోజూ ఇదే గోల, అన్నాడు.

పాట ఆపాలని ఓట్లు: 31–9. నేను గెలిచాను. వాదనలో ఎప్పుడూ నేనే గెలుస్తాను.

ఏప్రిల్ 22

రెండో ఇన్నింగ్స్. షిదారా వచ్చాడు. ట్రంపెట్లు దించేశారు. డోలు ఆగింది. నాలుగు వేల మంది చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. అవతలి జట్టు స్టాండ్‌లో వాళ్లు మాకేమైందోనని తొంగిచూశారు.

అతను ఒకసారి మా వైపు తిరిగాడు. హెల్మెట్ సర్దుకున్నాడు. మూడు బంతుల్లో అవుట్.

చూశారా, శక్తి అంటే ఇది అని రాద్దామనుకున్నాను. రాయడం లేదు. 

మే 6

ఇరవై ఏడుసార్లు బ్యాటింగ్‌కి వచ్చినా షిదారాకి హిట్ లేదు. వయసు అంటోంది పేపర్. మేమని మాకు తెలుసు.

మే 25

కొత్త కుర్రాడు షియోమికి పాట కావాలి. గాలిలా పరిగెత్తుతున్నాడు, బుద్ధిమంతుడు, అన్ని బంతులకీ బ్యాట్ ఊపే జబ్బొకటుంది, తగ్గుతుంది. మూడు రోజులు కూర్చున్నా కొత్త ట్యూన్ రాలేదు. షిదారా ట్యూన్ ఖాళీగా పడి ఉంది కదా అనిపించింది. షి-దా-రా, షి-యో-మి. అతికినట్టు సరిపోయింది. చివరి లైన్ మార్చాను: "నువ్వు పరిగెడితే రేవంతా పరుగు."

ఆటగాడు జట్టులో ఉండగానే అతని పాట ఇంకొకరికి ఇవ్వడం మా రైట్ ఫీల్డ్‌లో ఎప్పుడూ జరగలేదు. తెలిసే చేశాను. కుసునోకి గారు కాగితం చూసి, మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ మనిషి నాతో వాదించకపోవడం అదే మొదటిసారి. సాయంత్రం ట్రంపెట్ ఊదారు, తప్పు లేకుండా.

షియోమికి జీవితంలో మొదటి హోమ్ రన్. స్టేడియం ఊగిపోయింది. ఎదురుగా ఆటగాళ్లు కూర్చునే డగౌట్ మెట్ల మీద షిదారా చప్పట్లు కొడుతున్నాడు. ట్యూన్‌కి సరిగ్గా.

జూన్ 9

షిదారాను రెండో జట్టుకి దించేశారు.

ఆగస్టు 3

కాంట్రాక్టర్ వచ్చేశాడు. పదకొండు మంది పని పోయింది. మిగతా వాళ్లు అదే చీపురు, అదే మెట్లు, పని గంటలు మాత్రం సగం. మన పోరాటం అని కరపత్రంలో ఆరుసార్లు రాసినదాన్ని, ఏమి సాధించానో లెక్క చెప్పమంటే సున్నా.

ఆట అయ్యాక ఓచియాయ్ గారి కోసం మెట్ల దగ్గర నిలబడ్డాను. ఓదారుద్దామని. ఆవిడ ఊడుస్తూనే మాట్లాడింది. కాలు తీయమ్మా, అంది ముందు. తరవాత అంది: "ఒక్క మాట అడుగుతా, ఏమీ అనుకోకు. షిదారాకి పాట ఆపమని నిన్ను అడిగింది ఎవరు? నేనా? మా వాళ్లలో ఎవరైనానా?"

మీ కోసమే కదా ఓచియాయ్ గారూ, అన్నాను.

"మా కోసమని నువ్వే అనుకున్నావు. మాలోనే పద్నాలుగు మంది ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు, తెలుసా? భయం. వాళ్ల పేర్లు రాయలేదేం మరి?"

ఎలా రాస్తానండీ, అన్నాను.  ఆవిడ పై మెట్టుకి వెళ్లిపోయింది.

ఇరవై ఆరేళ్ల నుంచి వంటశాలల సంఘంలో ఉన్నాను. సమ్మెకి రానివాళ్ల జాబితా కావాలని పైవాళ్లు రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ బల్ల గుద్ది ఇవ్వనన్నాను. భయపడ్డ పనివాడు శత్రువు కాదు, భయపెట్టినవాడు శత్రువు అని కొత్తవాళ్లకి నేర్పేది నేనే. షిదారా కాంట్రాక్టూ ఏడాదికోసారి కొత్తగా రావాల్సిందే, ముప్పై ఆరేళ్ల మోకాళ్ల మీద. అతను పనివాడని నాకెందుకు తట్టలేదు? పెద్ద స్కోర్‌బోర్డ్ మీద పేరుందనా?

సెప్టెంబరు 18

పేపర్లో, బేస్‌బాల్ పేజీ అడుగున. ఆటగాళ్ల సంఘానికి కొత్త ప్రతినిధి. రెండో జట్టు కుర్రాళ్ల హాస్టల్లో వంటవాళ్లను తీసేసి డబ్బా భోజనం తెప్పించే ప్రతిపాదనకి వారంలో ఒప్పుకున్నాడు. "గత ప్రతినిధి రెండేళ్లుగా అడ్డుకున్న విషయం" అని చివరి వాక్యం.

గత ప్రతినిధి. షిదారా.

వంటవాళ్లు. నలుగురు. నా పనే చేసేవాళ్లు.

యాజమాన్యం అతన్ని వదిలించుకోవడానికి సాకు వెతుక్కుంటోందన్నమాట. హిట్లు రావడం లేదనే సాకు వాళ్లకి తయారుచేసి పళ్లెంలో పెట్టి అందించింది ఎవరు? నేను. ఒక్క యెన్ తీసుకోకుండా, డోలూ బాకా ఆపించి మరీ. ఈ ఊళ్లో ఆ కంపెనీకి నా అంత నమ్మకమైన ఉద్యోగి లేదు.

సెప్టెంబరు 27

రెండో జట్టుకి ఈ సీజన్‌లో ఇదే చివరి ఆట. నది ఒడ్డు గ్రౌండ్, మధ్యాహ్నం ఒంటిగంట. సెలవు పెట్టి వెళ్లాను. అరవై మంది ఉంటారు. అక్కడ బాకాలు, డోళ్లు నిషేధం. నేను తీసుకెళ్లనూ లేదు.

ఆరో ఇన్నింగ్స్‌లో షిదారా వచ్చాడు. నేను లేచి నిలబడి పాడాను. ఒక్కదాన్నే, పాత మాటలతో. నా గొంతు బాగోదు, ఎప్పుడూ వందల మంది వెనక దాక్కుని పాడినదాన్ని. ముందు వరుసలో షియోమి పేరున్న టవల్ మెడకి చుట్టుకున్న అమ్మాయి వెనక్కి తిరిగి, అత్తా, అది షియోమి పాట, మాటలు తప్పు పాడుతున్నావ్, అంది. మర్యాదగానే చెప్పింది పాపం.

అతను షార్ట్‌స్టాప్ ఫీల్డర్ వైపు నేలబంతి కొట్టి అవుటయ్యాడు. ఫస్ట్ బేస్ దాకా పరిగెత్తాడు, పూర్తిగా.

ఆట అయ్యాక కంచె దగ్గర ఆపాను. నేను ఇనాగాకిని, పాట రాసింది నేనే, ఆపించింది కూడా నేనే, అన్నాను. క్షమించమని వంగాను. ఎంతసేపు వంగి ఉన్నానో తెలీదు, అతనే, లేవండి, నడుం పట్టేస్తుంది, నాకా బాధ తెలుసు, అన్నాడు.

సంతకం ఎందుకు పెట్టలేదని అడగకూడదనుకుని వెళ్లాను. అడిగేశాను.

"భయమేసిందండీ, అంతే. అటు హాస్టల్ వంటవాళ్ల గొడవ నడుస్తోంది. రెండిటికీ ఒకేసారి నోరు తెరిస్తే రెండూ పోతాయనుకున్నాను." గ్లవ్స్ విప్పుకున్నాడు. "చివరికి రెండూ పోయాయి. మీ కరపత్రం చదివాను. బాగా రాస్తారు."

పోస్టర్ సంగతి అతనే ఎత్తాడు. ఆ ఫొటో నిరుడు తీశారట, దేనికో చెప్పలేదట. నవ్వమన్నారు, నవ్వాను, అన్నాడు.

ఆ నిశ్శబ్దం ఎలా ఉండేదని అడిగాను. సిగ్గు లేకుండా. అతను గ్లవ్స్ బ్యాగులో పెడుతూ చెప్పాడు. "బీరు అమ్మే అమ్మాయిలు ఏమని అరుస్తారో పదహారేళ్లలో మొదటిసారి వినిపించింది. ఒకమ్మాయి గొంతు చాలా బాగుంటుంది. బంతి వస్తుంటే కూడా ఆ పిల్ల మాటే వినేవాణ్ణి." నవ్వాడు. "అదే తప్పయింది."

పాట తిరిగి మీకు ఇప్పిస్తాను, అన్నాను.

"వద్దండీ. ఆ కుర్రాడు దాంతోనే బతుకుతున్నాడు."

బస్సు దగ్గర పిలుస్తున్నారని వెళ్లిపోయాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిడితే నేను వాదించగలను.

అక్టోబరు 1

షిదారాకి వచ్చే ఏడాది కాంట్రాక్టు లేదు. వీడ్కోలు ఆటా లేదు.

అక్టోబరు 4

రాత్రుళ్లు కాదు, పట్టపగలు వంటశాలలో కూర్చుని రాశాను కొత్త కరపత్రం. హెడ్డింగ్ "నేను చేసిన పని." ఎనిమిది వందల కాపీలు తీసి, రేపు చివరి హోమ్ గేమ్‌కి పంచుదామని కుసునోకి గారి కొట్టుకి పట్టుకెళ్లాను. ఆయన నీళ్లలోంచి టోఫు తీస్తూ, తడి చెయ్యి అంటకుండా దూరం నుంచే చదివారు. రెండుసార్లు.

"చాలా బాగుంది. ఇదివరకటి దానికన్నా బాగుంది" అన్నారు. "ఇది చదివి జనం ఏం చేస్తారు ఇనాగాకీ? నిన్ను మెచ్చుకుంటారు. ఎంత నిజాయితీగా ఒప్పుకుందో అంటారు. అతనికి ఏం వస్తుంది?"

నిజం చెప్పాలి కదండీ, అన్నాను.

"చెప్పాల్సిన మనిషికి చెప్పావుగా."

మరి మీరు ఓట్లలో ఓడిపోయాక కూడా ఎందుకు మాతో ఊరుకున్నారు, ఎందుకు ఊదారు షియోమికి, అని అరిచాను. కొట్లో ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు, టోఫు గిన్నెలు పట్టుకుని. అలాగే నిలబడిపోయారు.

ఆయన తల వంచుకున్నారు. "అదే నన్ను నేనూ అడుగుతున్నాను. ముప్పై ఒక్క మందిలో నీ చెయ్యి ఒక్కటే. నా బాకా నా చేతిలోనే ఉంది."

ఎన్ని వాదనలు గెలిచానో ఈ మనిషి మీద. ఇవాళ చెయ్యి కలపాలనిపించింది. ఆయన చేతులు తడి. కాగితాలతో నా చేతులు నిండుగా ఉన్నాయి. వచ్చేశాను. పంచలేదు.

అక్టోబరు 17

మధ్యాహ్నం పిల్లలు ఖాళీ పళ్లేలు తిరిగి ఇస్తూ కిటికీ దగ్గర షియోమి పాట పాడుతున్నారు. చివరి లైన్ దగ్గర ఒక పిల్ల మాత్రం "రేవుకి నిద్ర పడుతుంది" అంది. తప్పు తప్పు అని మిగతావాళ్లు సరిదిద్దారు. ఆ పిల్ల నా వైపు చూసింది, ఏది ఒప్పో చెప్పమన్నట్టు.

నేను చెప్పేలోగా గంట కొట్టారు.