ఓబులేష్ ఆట కాగితం

రాజంపేట,
28-8-2008.

మిత్రుడు వాసుదేవ్‌కు,

బట్టలంగడి రాఘవేంద్రప్రసాద్ నమస్కారాలు చెప్పి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం, అక్కడ నువ్వూ క్షేమమే అని తలుస్తాను. మర్యాదకు రాయవలసింది రాసేశాను. రెండున్నరేళ్ళు నోరెత్తనివాడు ఇప్పుడు క్షేమసమాచారాలు అడిగితే నీకు ఒళ్ళు మండుతుందని తెలుసు. మండనీ. చింపకుండా చివరిదాకా చదివి, తర్వాత ఎంత తిట్టుకుంటావో తిట్టుకో.

కర్నూలులో నీ చిరునామా నువ్వు ఇక్కడ పాఠాలు చెప్పిన బడి హెడ్మాస్టరు ఇచ్చాడు. ఎందుకని అడిగాడు. ఆట కోసం అన్నాను. ఇంకా బుద్ధి రాలేదాప్పా మీకు అని నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

అసలు సంగతికి వస్తాను. మొన్న ఆదివారం మన ఆట మళ్ళీ ఆడాము. మా అంగడి మిద్దెమీద, అదే చాపమీద. కొత్తగా నేర్చుకోవడానికి ఇద్దరు వచ్చారు. ఒకరు ఓబులేష్ చెల్లెలు పద్మశ్రీ. ఇంకొకరు వాళ్ళమ్మ తిమ్మమ్మ.

ఇక్కడ చదవడం ఆపుంటావు. ఆమె మెట్లెక్కి వస్తుంటే నేను చాపమీంచి లేచి నిలబడ్డాను. నీ గది ముందర దుమ్మెత్తి పోసిన మనిషి. వచ్చి కూర్చుని, మావాడు ఈడ ఏం ఆడినాడో నాకూ నేర్పించప్పా అంది.

నువ్వు మాకు నేర్పిన రోజు గుర్తొచ్చింది. బెంగుళూరు నుంచి జిరాక్సు పుస్తకమూ పది ముఖాల పాచికలూ తెచ్చావు. ఒకడు కథ చెప్తాడు, మిగతావాళ్ళు కథలో మనుషులై ఏం చేస్తారో చెప్పాలి, అది జరిగిందా లేదా పాచిక తేలుస్తుంది అన్నావు. తెల్లదొరల కాలంలో మంగంపేటలో ముగ్గురాయి కోసం గుంత తవ్వుతుంటే, మనిషి పుట్టకముందునుంచీ అడుగున పడుకుని ఉన్నది ఒకటి బయటపడిందని కథ పెట్టావు. దానికి మనమీద కోపం లేదు, దయ లేదు, అసలు మనం ఉన్నట్టే తెలియదు. దాన్ని చూసినవాడికల్లా మతి కొంత తగ్గుతుంది. మతి సున్నా అయితే ఆ మనిషి ఇక ఆడేవాడి చేతిలో ఉండడు, కథ చెప్పేవాడి పాలు. గెలవడమనేది లేదు, ఎంతసేపు నిలబడతామనేదే ఆట. ఇదేం దిక్కుమాలిన ఆటప్పా, అష్టాచెమ్మా నయం అన్నాను నేను. ఓబులేష్ మాత్రం నోరు తెరుచుకుని విన్నాడు. పుల్లంపేట నుంచి మా అంగడికి చీరలు తెచ్చినవాడు. మగ్గం వారంలో నాలుగు రోజులు ఖాళీగా ఉంటోంది, ఇంటికి పోయి చేసేదేముందని కూర్చున్నాడు.

ఆడేవాడు నింపుకోవాల్సిన కాగితంలో పేరు దగ్గర డాక్టరో పోలీసో ఎవరినో కల్పించి రాయమంటే వాడు తన పేరే రాసుకున్నాడు. పక్కన గోత్రం, నక్షత్రం. ఖాళీలున్న కాగితం ఇస్తే మనవాళ్ళకు అర్చన చీటీయే అని నువ్వు నవ్వావు. మతికి పాచిక వేయమంటే వేయలేదు. నాకెంత ఉండాదో నాకు తెలీదా వాసుదేవప్పా అని నలభై రాసుకున్నాడు. నూటికి నలభై. దానికీ నవ్వాము. గుంతలో దిగడానికి భయం లేదా అంటే, పొద్దన్నుంచి మాపటిదాకా మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకోని కూసునేటోన్ని, గుంత నాకు కొత్తా అన్నాడు. ఒక ఆదివారం ఆ గుంత అడుగున, మీరు పోండప్పా, నాకు ఈడనే బాగుండాది, పైకొచ్చి చేసేదేముండాది అన్నాడు. ఎంత బాగా నటిస్తున్నాడో చూడు అని నువ్వు చప్పట్లు కొట్టావు. నేనూ కొట్టాను. తలుచుకుంటే ఈ చేతులు నరుక్కోవాలనిపిస్తుంది.

ఆ తర్వాత మూడు వారాలకు వాడు తన ప్రాణం తానే తీసుకున్నాడు. చొక్కా జేబులో ఆ కాగితం. ఓబులేష్, గోత్రం, నక్షత్రం, మతి సున్నా. పద్మశ్రీ చదివి తల్లికి వినిపించింది. కొడుకు పేరు గోత్రంతో సహా రాసి సున్నా చుడితే ఏ తల్లయినా ఏమనుకుంటుంది? చేతబడి అనుకుంది. నలుగురినీ వెంటబెట్టుకుని వచ్చి నీ వంశాన్నే శపించింది. సున్నా నేను పెట్టలేదమ్మా అని నువ్వు ఆ ఒక్కమాటే అంటూ ఉన్నావు. సున్నాలో ఎవరి చేతిరాత కనబడుతుంది? ఆ గుంపులో నేనూ ఉన్నాను, బెల్లం కొట్టిన రాయిలాగా. వారం తిరక్కముందే బడివాళ్ళు నిన్ను వద్దన్నారు. నువ్వు సామాను వేసుకుని పోతుంటే వీధి చివరిదాకా కూడా నేను రాలేదు.

ఇప్పుడు ఆమెకు ఆట నేర్పాల్సినవాణ్ణి నేనయ్యాను. నాకు తెలిసిన పద్ధతిలో, గిరాకీకి చీర విప్పి చూపించినట్టు చూపించాను. ఎవరిని ఆడతావమ్మా, నర్సువా, దొరసానివా అని అడిగితే, నేనెవురైతా, ఓబులేష్ అమ్మను, అదే రాయి అంది. గోత్రం కూడా రాయమంది. రాశాను. ఈసారి నవ్వలేదు.

అడుగున ఉన్నది ఏం కోరుతుందని అడిగింది. ఏమీ కోరదు, మనం ఉన్నట్టే దానికి తెలియదు అన్నాను. ఆమెకు కోపం వచ్చింది. ఏమీ కోరని దేవర యాడన్నా ఉంటాదా, మీరు సరిగ్గా అడిగుండరు, మొగోళ్ళకు మొక్కుకోను ఏం తెలుసు అని తిట్టి, అక్కడికక్కడే దానికి పొట్టేలు మొక్కుకుంది! పద్మశ్రీ ఫక్కున నవ్వింది. వాడు పోయినాక ఆ ఇంటి మనిషి నవ్వడం నేను చూసింది అప్పుడే. పొట్టేలు మొక్కుకు పాచిక ఎంత పడాలో నీ పుస్తకంలో ఎక్కడుంది? ఏదో ఒకటి అనుకుని వేశాము. తప్పింది. అది కదల్లేదమ్మా అని చెప్పాల్సి వచ్చింది. ఎద్దు పుండు కాకికి నొప్పా అని ఆమె నిట్టూర్చింది.

తర్వాత కొంగు దోపుకుని, నేను దిగుతాండా అంది. ఒక చేత లాంతరు, ఇంకో చేత సద్దిమూట అని చెప్పింది. అడుక్కు పోయినాక, మావాడు ఏ పక్కనుండాడప్పా అంది.

నేను పాచిక కింద పెట్టేశాను. నువ్వే చెప్తివి గదప్పా, మతి పోయినోళ్ళు సచ్చిపోరు, కథ చెప్పేటోని కాడ ఉంటారని, మరి యాడుండాడు, పిలిస్తే పలుకుతాడా అంది. వాసుదేవ్, అది ఆటేనని ఆమెకు తెలుసు. కొడుకు లేడనీ తెలుసు. ఆమెకేం పిచ్చి పట్టలేదు. అయినా అడిగింది. నువ్వు వదిలిపోయిన నోటుపుస్తకం అంతా తిరగేశాను. ఏమీ లేదు. ఏడుపు ఆపుకోలేక పుస్తకం మూసేశాను.

ఆమె మాత్రం ఏడవలేదు. ఆ గుంత తవ్వింది వాసుదేవు గదా, ఆయప్పకే తెలిసుంటాది, పిలిపించు అంది. ఆయప్పను ఒక్క మాట కూడా అనను అని కూతురి తలమీద చెయ్యి పెట్టి ఒట్టు వేసింది.

అందుకని నువ్వు రావాలి. నన్ను క్షమించి రానక్కర్లేదు, ఆమె కోసం రా. వాణ్ణి ఆ అడుగున ఎక్కడ కూర్చోబెట్టావో, తల్లి పిలిస్తే ఏమని పలుకుతాడో నువ్వే చెప్పగలవు. గెలవలేని ఆటేలే. ఆమెను ఒక్క ఆదివారం కొడుకు పక్కన కూర్చోనీ, అంతే. రాలేకపోతే నాలుగు ముక్కలు రాసి పంపినా సరే, చదివి వినిపిస్తాను.

నీ జవాబుకు కాచుకుని ఉండే,
ప్రసాదు.

తా.క. నిన్న సంతకం పెట్టినా కవరు అంటించడానికి చెయ్యి రాలేదు. ఈ పొద్దు పుల్లంపేట పోయివచ్చి ఇది రాస్తున్నాను. ఆ సున్నా నేను పెట్టిందే. చివరి ఆదివారం ఆట ముగిసేసరికి వాడికి ఇంకా పన్నెండు మతి మిగిలి ఉంది, నువ్వు రాసిచ్చింది అదే. గురువారం వాడొక్కడే అంగడికి వచ్చాడు. పెళ్ళివాళ్ళు గంపెడు చీరలు పరిపించుకుని కూర్చున్నారు. కాగితం నా ముందర పెట్టి, ఈడ సున్నా పెట్టప్పా, నావోని ఆట అయిపాయ, ఆదివారం నేను రాలేను అన్నాడు. ఎందుకు రాలేవని అడగలేదు. పన్నెండు కొట్టేసి సున్నా పెట్టి ఇచ్చాను. రవ్వంత సేపు ఈడ కూసుందునా అన్నాడు. గిరాకీ ఉంది, ఆదివారం మాట్లాడుకుందాం పో అన్నాను. రాలేనని అప్పుడే చెప్పినవాడితో ఆ మాట అన్నాను.

ఇదంతా తిమ్మమ్మకు చెప్పాను. కొడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేది. కూసుంటానని వాడే అడిగినాడా అంది. అవునమ్మా అన్నాను. పుట్టినకాన్నుంచి వాడు ఎవర్నీ ఏమీ అడిగినోడు కాదప్పా, నిన్నొక్కన్నే అడిగినాడు అంది.