ఒత్తు ఛ

మార్చి 4, మంగళవారం

'గాడనిద్ర' కాదు, గాఢనిద్ర. అసలు అదీ కాదు, కునుకు.

శిశు సంక్షేమం ఆఫీసు రిపోర్టు కాపీ ఇవాళ చేతికొచ్చింది. మొదటి పేరాలోనే ఉన్నాను నేను: 'గృహమునందు గాడనిద్రలో నున్న వృద్ధురాలు'. గాడిదలోంచి పుట్టిన మాట అనుకున్నారో ఏమో. అరవై ఎనిమిదేళ్ళ మనిషి మధ్యాహ్నం కుర్చీలో పది నిమిషాలు కళ్ళు మూస్తే దాన్ని కునుకు అంటారు.

ఆ పది నిమిషాల్లోనే నా మనవరాలు స్టూలు లాక్కుని, గడియ తీసి, వాళ్ళమ్మ మర్చిపోయిన టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరింది. దాని వయసు ఐదు. మా అమ్మాయి ఆస్పత్రి లాండ్రీలో మధ్యాహ్నం షిఫ్టు చేస్తుంది. అక్కడికి రెండు బస్సులు మారాలి. పిల్ల మెయిన్ రోడ్డు దాకా నడిచింది. ట్రాఫిక్ కానిస్టేబులు చూసి శిశు సంక్షేమం వాళ్ళకి అప్పజెప్పాడు. అది ఫిబ్రవరి 26. ఆ సాయంత్రమే ఆఫీసరమ్మ కాగితాలతో మా ఇంటికొచ్చింది. మా అమ్మాయి సంతకం పెట్టింది. పిల్ల వాళ్ళ హోంలో ఉంది. ఇవాళ్టికి ఏడో రోజు.

ఈ నోటుబుక్కు లాయరమ్మ సలహా. ఏ రోజు ఏం జరిగిందో తేదీ వేసి రాయండి, ఫీలింగ్స్ వద్దు, ఫ్యాక్ట్స్ చాలు అని ఫోన్లో చెప్పింది. సరే, ఫ్యాక్ట్: పిల్ల పక్క ఎత్తలేదు. దుప్పటి మీద అది ముడుచుకుని పడుకున్న గుర్తు అలాగే ఉంది, కామాలాగా. నేను దాన్ని కామా అని పిలిచేది అందుకే. ఇంకో కారణం కూడా ఉంది. దాని మాటలకి ఫుల్‌స్టాప్ ఉండదు.

ఇంకో ఫ్యాక్ట్: ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు ఇంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదు.

మార్చి 6, గురువారం

ఉచిత న్యాయసహాయం ఆఫీసు జెరాక్స్ షాపు పైన, మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. న్యాయం ఉచితమే, మోకాళ్ళు మాత్రం కింద జమ చేసి ఎక్కాలి.

లాయరమ్మ మా అమ్మాయి కంటే చిన్నది. మాట్లాడుతున్నంతసేపూ పెన్ను మూత కొరుకుతుంది. నన్ను టీచరుగారూ అంటుంది. టీచర్ని కాదు తల్లీ, ప్రెస్సులో ప్రూఫ్ రీడర్ని, ముప్పై ఒక్కేళ్ళు చేశాను అన్నాను. అలాగే టీచరుగారూ అంది.

తర్వాత మా అమ్మాయిని వరసగా అడిగింది. కావాలంటే సంతకం పెట్టనని చెప్పొచ్చని ఆఫీసరు చెప్పిందా? లేదు. ముందు లాయరుతో మాట్లాడుకునే హక్కు ఉందని? లేదు. ఒక రోజు గడువు అడగొచ్చని? లేదు. ఎంక్వైరీ అయ్యేదాకా పిల్లని దగ్గరి బంధువుల ఇంట్లో ఉంచమని అడగొచ్చని? అదీ లేదు. నాలుగు రోజుల పనే అమ్మా, పెట్టేస్తే త్వరగా తేలిపోతుంది, లేదంటే కోర్టులో ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది అందట. ఆ 'అందట' అనవసరం. నేనూ అక్కడే ఉన్నాను కదా.

ప్రతి 'లేదు'కీ లాయరమ్మ ముఖం విప్పారింది. హక్కులేమిటో చెప్పకుండా, చదివి అర్థం చేసుకునే వ్యవధి ఇవ్వకుండా తీసుకున్న సంతకం చెల్లదంది. అసలు కాగితం కాపీ మాత్రం ఆఫీసు వాళ్ళు ఇంకా ఇవ్వలేదట. కోర్టులోనే చూపిస్తారట.

మా అమ్మాయి నా వైపు చూడలేదు. నేను ఫాను వైపు చూశాను. మూడు రెక్కలు.

మార్చి 8, శనివారం

చెప్పాలి. రేపు చెప్తాను.

మార్చి 9, ఆదివారం

చెప్పలేదు.

ఇవాళ హోంలో విజిట్. గంటసేపు, తల్లి ఒక్కదానికే. నేను వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. తలుపు అద్దానికి కాగితం అంటించారు. తలుపు కింద సందు మాత్రం మూయలేదు. కాసేపటికి రెండు చిన్న చెప్పులు కనిపించాయి. కుడిది ఎడమకి, ఎడమది కుడికి. సరిచేసేవాళ్ళు లేరు.

మిగతాది బస్సులో మా అమ్మాయి చెప్పింది. ఒకావిడ మూల కూర్చుని వీళ్ళ ప్రతి మాటా రాసుకుందట. వెళ్ళగానే పిల్ల అడిగిన మొదటి మాట, డబ్బా నీకు అందిందా అని. అందింది బంగారూ, తిన్నాను అని చెప్పిందట మా అమ్మాయి. మరి డబ్బా ఏదీ అందట కామా. ఆఫీసులో ఎర్రచీర ఆంటీ బీరువాలో పెట్టి తాళం వేసింది కదా, నువ్వెలా తిన్నావు అందట.

దాని దగ్గర అబద్ధం చెల్లదు. నా శిక్షణే.

గంట అయిపోయిందని చెప్తే పిల్ల ఏడవలేదట. ఆ మాట చెప్పి మా అమ్మాయి ఏడ్చింది. కండక్టరు టికెట్ అడగకుండా ముందుకెళ్ళిపోయాడు.

మార్చి 13, గురువారం

కాగితం చూపించారు.

అవతలి వకీలు దాన్ని ప్లాస్టిక్ కవర్లోంచి తీసి, జడ్జిగారి ముందు పెట్టాడు. ఏమీ తెలియని అమాయకురాలి చేత సంతకం పెట్టించుకున్నామంటున్నారు, ఒక్కసారి ఇది చూడండి అన్నాడు. ఎర్ర సిరా. తొమ్మిది చోట్ల. అక్షరం కొట్టేసి మార్జిన్లో సరైనది రాసి, గీత గీసి ఉంది. అందమైన చేతిరాత. నాదే.

ఇక దాచి లాభం లేదు. ఫిబ్రవరి 26 సాయంత్రం జరిగింది ఇది. ఆఫీసరమ్మ కాగితం టేబుల్ మీద పెట్టింది. మా అమ్మాయి దాన్ని నా వైపు జరిపింది. అమ్మా, నువ్వు చదివి చెప్పు, పెట్టమంటావా అంది. అది నామీద పెట్టుకున్న నమ్మకం. ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే కదా. నేను కళ్ళజోడు తెచ్చుకున్నాను. పెన్నుల డబ్బాలోంచి ఎర్ర పెన్ను తీశాను, ఎవరూ అడక్కుండానే. 'సంరక్షన' అని ఉంటే 'సంరక్షణ' చేశాను. 'భాద్యత'ని 'బాధ్యత' చేశాను. నాలుగో లైనులో 'స్వచ్చందముగా' అని ఉంది. ప్రపంచంలో సగం మంది చేసే తప్పే. కింద ఒత్తు ఛ పడాలి. పెట్టాను.

ఆ వాక్యం ఏమిటో ఇవాళ వకీలు పైకి చదివితే విన్నాను: 'నేను స్వచ్ఛందముగా నా బిడ్డను తదుపరి ఉత్తర్వుల వరకు సంస్థకు అప్పగించుచున్నాను.'

నాలుగు రోజులు అని ఎక్కడా లేదు.

దిద్దడం అయ్యాక కాగితం మా అమ్మాయి ముందుకి తోశాను. ఇప్పుడింక తప్పుల్లేవు, పెట్టు అన్నాను. పెట్టింది.

వీళ్ళు 'స్వచ్ఛందం' అనే మాట చదవడమే కాదు, దాని స్పెల్లింగు కూడా సరిచేసి మరీ సంతకం పెట్టారు అని వకీలు నవ్వాడు. లాయరమ్మ నా వైపు తిరిగింది. నోట్లో పెన్ను మూత లేదు.

ఇన్నాళ్ళూ మా అమ్మాయి ఈ సంగతి ఆవిడకి చెప్పలేదు. నన్ను కాపాడింది. పిల్లని అక్కడ పెట్టుకుని, నన్ను కాపాడింది.

మార్చి 14, శుక్రవారం

మా అమ్మాయి మాట్లాడటం లేదు. నా కంచం కడిగి బోర్లించి డ్యూటీకి వెళ్ళింది.

మార్చి 17, సోమవారం

మూడంతస్తులు ఒక్కదాన్నే ఎక్కాను. లాయరమ్మ తిడుతుందనుకున్నాను. మంచినీళ్ళిచ్చింది. దారి ఒకటే ఉందంది. నేను బోనెక్కి, చదివాను గానీ నాకు అర్థం కాలేదు అని చెప్పాలి. వాళ్ళు నవ్వుతారంది. అంతకంటే పెద్ద చిక్కు, ఇలాంటి ముసలావిడ చేతుల్లో పిల్లని వదలొచ్చా అని అడుగుతారంది. తల్లి గెలిచినా మీరు ఓడిపోవచ్చు, ఆలోచించుకోండి టీచరుగారూ అంది.

ప్రూఫ్ రీడర్ని అని ఈసారి చెప్పలేదు.

మార్చి 20, గురువారం

వకీలు మొదటి ప్రశ్న, స్వచ్ఛందం అంటే అర్థం తెలుసా అని. తన ఇష్టప్రకారం అని చెప్పాను. వ్యుత్పత్తి కూడా చెప్పబోయాను, లాయరమ్మ కళ్ళతోనే వద్దంది. తెలిసే కదా దిద్దారు అన్నాడు.

అప్పుడు చెప్పాను. అయ్యా, నేను ముప్పై ఒక్కేళ్ళు రైల్వే టైంటేబుళ్ళు దిద్దాను, ఏ రైలు ఎక్కడికి పోతుందో నాకు తెలియదు. మందుల చీటీలు దిద్దాను, ఏ మందు దేనికో తెలియదు. మా పనిలో చేరగానే నేర్పేది ఒకటే. అర్థం వెంట పడితే అచ్చుతప్పు జారిపోతుంది, కాబట్టి అర్థం జోలికి పోవద్దు. ఆ రోజు నాకు భయమేసింది. భయమేస్తే చేతనైన పని చేస్తాం. నాకు చేతనైంది అదొక్కటే.

నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు. ఫైల్లోంచి ఒక కాగితం తీసి నాకిమ్మన్నారు. ఆ రోజు చదివినట్టే ఒక నిమిషం చదవమన్నారు. చదివాను. వెనక్కి తీసుకుని, ఇందులో ఏముంది అని అడిగారు.

మూడు తప్పులున్నాయి అన్నాను. రెండో లైనులో 'దుఖము' అని ఉంది, విసర్గ లేదు. మూడో లైనులో 'ప్రస్నించు' అని పడింది. చివర తేదీ దగ్గర ఒక చుక్క ఎక్కువ.

అది సరేనమ్మా, విషయం ఏమిటి అన్నారు.

నాకు తెలియలేదు. నిజంగా తెలియలేదు.

జడ్జిగారు పైకి చదివారు. హోం వాళ్ళ రిపోర్టు అది. 'సదరు మైనరు బాలిక దుఃఖము వలన నిద్రించుట లేదు. తన తల్లికి డబ్బా అందినదా అని ప్రతి ఉద్యోగినీ ప్రశ్నించుచున్నది.'

కూర్చోమన్నారు. ఎటు వెళ్ళి కూర్చోవాలో తెలియక కాసేపు అక్కడే నిలబడ్డాను.

మార్చి 24, సోమవారం

సంతకం చెల్లదు. రేపు పదింటికి పిల్లని తల్లికి అప్పగిస్తారు. పగటి షిఫ్టుకి మారి, పిల్లని ఆస్పత్రి క్రెష్‌లో పెట్టుకోవడానికి మా అమ్మాయి ఒప్పుకుంది.

షరతు ఒకటి. ఆరు నెలలు నేను ఆ ఇంట్లో ఉండకూడదు. ఆదివారం గంటసేపు, తల్లి ఎదురుగా చూడొచ్చు. నాకూ విజిట్ అన్నమాట.

షరతు మీద అప్పీలు వేద్దాం, గెలిచే అవకాశం ఉంది అంది లాయరమ్మ. వేస్తే పిల్ల రావడం ఆలస్యమవుతుందా అన్నాను. రెండు వారాలు కావచ్చంది. అయితే వద్దన్నాను. ఇలా వద్దనడం కూడా నా హక్కేనా అని అడిగాను. అవునంది. పెన్ను మూత మళ్ళీ నోట్లో పెట్టుకుంది, తన కళ్ళు నాకు కనబడకుండా తల దించుకుంది.

వరండాలో మా అమ్మాయి పదకొండు రోజుల తర్వాత నోరు విప్పింది. అమ్మా, ఎక్కడికెళ్తావు అంది.

ప్రెస్సులో బైండింగు చేసిన నా నేస్తం ఒక గది ఉందంది. దానికి అక్షరం ముక్క రాదు. హాయి.

మార్చి 25, మంగళవారం, ఉదయం 6.10

ఈ పేజీ చింపి ఫ్రిజ్ మీద పెడుతున్నాను, నీకోసం అమ్మాయ్.

కామా పక్క ఎత్తలేదు. వచ్చాక అందులోనే పడుకుంటుంది.

శిశు సంక్షేమం ఆఫీసు వాళ్ళిచ్చిన డబ్బా రసీదు దీని కిందే ఉంది. అందులో 'టిఫెను' అని రాశారు. నేను దిద్దలేదు. నువ్వూ దిద్దకు. ముందు ఆఫీసుకి వెళ్ళు, స్టోరు తొమ్మిదిన్నరకి తెరుస్తారు. రసీదు ఇచ్చి డబ్బా తీసుకో. ఏదైనా కాగితం మీద సంతకం పెట్టమంటే లాయరమ్మకి ఫోన్ చేసి చదివి వినిపించు, తర్వాతే పెట్టు. బయట కుళాయి దగ్గర డబ్బా కడుక్కో. నెల రోజులైంది, వాసన వస్తుంది. అప్పుడు హోంకి వెళ్ళు. సంచిలో పెట్టకు. చేత్తో పట్టుకో, గేటులోంచే దానికి కనబడేలా.